తాతగారి జోడు తుపాకిలో ఇప్పటి తూటాలు వాడవచ్చా?

లంకతోట:
అందరికీ నమస్కారం. మాది కోనసీమలో గౌతమి పాయ ఒడ్డున ఒక లంక గ్రామం. మా అమ్మ వాళ్ల నాన్నగారి 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) జోడు తుపాకి వారసత్వంగా నాకు వచ్చింది. లైసెన్సు నా పేరు మీదికి మారింది. అందులో "డీబీబీఎల్ 12 బోర్" అని, అంటే వెనక నుంచి తూటా పెట్టే రెండు గొట్టాల తుపాకి అని రాసి ఉంది. డిపాజిట్‌లో ఉన్న తుపాకిని ఇటీవలే ఇంటికి తెచ్చుకున్నాను.

రెండు గొట్టాల మధ్య పట్టీ మీద కలకత్తా రోడ్డా కంపెనీ పేరు చెక్కి ఉంది. గుర్రాలు, అంటే సూదిని కొట్టే సుత్తులు, బయటికి కనిపించవు. తూటాల కోసం వెళ్తే షాపులో 70 మిల్లీమీటర్లవి ఇచ్చారు. తుపాకి చాలా పాతది, ఇవి పనికొస్తాయా అని అడిగితే "పన్నెండు బోర్ అంటే పన్నెండు బోరే" అన్నారు. ఒకటి లోపల పెట్టి చూశాను, ఇబ్బంది లేకుండా కూర్చుంది. అయినా కాల్చడానికి మనసొప్పలేదు. వేటకు కాదు, రైఫిల్ క్లబ్బులో అప్పుడప్పుడు నాలుగు గుళ్లు కాల్చుకోవాలని మాత్రమే కోరిక. ఈ తుపాకికి ఈ తూటాలు సరిపోతాయో లేదో తెలుసుకునే మార్గం ఏమిటి?

గౌతమీ తీరం:
మంచి కంపెనీ తుపాకి, భయపడకండి. ఒక పాత లారీ టైరుకి కట్టేసి, ట్రిగ్గరుకి పొడవాటి తాడు కట్టి, గట్టు వెనక నుంచి లాగండి. రెండు మూడు సార్లు పేలి ఏమీ కాకపోతే ఇక నిశ్చింతగా వాడుకోవచ్చు. సంక్రాంతికి భోగిమంట దగ్గర అందరం చూస్తాం.

అమలాపురం వకీలు:
ముందు ఆ చివరి మాట గురించి. పండగలకు, పెళ్లిళ్లకు, ఊరేగింపులకు సరదాగా తుపాకి పేల్చడం 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద ప్రత్యేకమైన నేరం. రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఉన్నా సరే. తోట గట్టు మీద టైరుకి కట్టి పేల్చడం కూడా మీ లైసెన్సు ఇచ్చిన అనుమతిలోకి రాదు.

లంకతోట గారూ, మీ కాగితాలు సక్రమంగా ఉన్నందుకు సంతోషం. మన వైపు చాలా ఇళ్లలో తాతగారు పోయాక తుపాకి బీరువా వెనక అలాగే ఉండిపోతుంది. లైసెన్సుదారు మరణించాక దాన్ని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. తర్వాతే వారసుడి దరఖాస్తు. ఇంకొక మాట: ఇక్కడ ఫొటోలు పెడితే తుపాకి నంబరు, లైసెన్సు నంబరు కనిపించకుండా చూసుకోండి.

పాత ఆర్మరర్:
సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరై తణుకులో ఉంటున్నాను. టైరు సలహా దయచేసి ఎవరూ పాటించవద్దు. అది పరీక్ష కాదు. ప్రూఫ్ హౌస్‌లో, అంటే తుపాకుల బలం పరీక్షించి ముద్ర వేసే సంస్థలో, గొట్టాన్ని కాల్చకముందు కొలుస్తారు, లెక్క ప్రకారం ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటా పేలుస్తారు, తర్వాత మళ్లీ కొలుస్తారు. ఇప్పటి యూరప్ ప్రమాణంలో మామూలు 12 బోర్ తూటాకి పరిమితి 740 బార్ (ఒత్తిడి కొలమానం) అయితే, ప్రూఫ్ తూటాకి 930. ముందూ వెనకా కొలత లేకుండా పేల్చి "ఏమీ కాలేదు" అనుకుంటే, కంటికి కనపడని ఉబ్బు గాని, సన్నని చీలిక గాని మొదలై ఉండవచ్చు. అది బయటపడేది మూడోసారో ముప్ఫయ్యోసారో, అప్పుడు తుపాకి టైరుకి ఉండదు, మీ చేతిలో ఉంటుంది.

"తూటా చక్కగా కూర్చుంది" అన్నారు. అసలు మోసం అక్కడే ఉంది. తూటా మీద 70 అని రాసేది పేలి, మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. కాల్చకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి అది 60 మిల్లీమీటర్లకు అటూ ఇటుగానే ఉంటుంది. అందువల్ల 65 మిల్లీమీటర్ల ఛాంబర్లోకి, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటులోకి కూడా హాయిగా దూరుతుంది. పేలిన క్షణంలో ఆ మడత విచ్చుకోవాలి. ఛాంబర్ చివర గొట్టం సన్నబడే వాలు ఉంటుంది. పొడవైన తూటా మూతి ఆ వాలులోకి వెళ్లి ఇరుక్కుంటుంది. వెనక నుంచి గుళ్లు, వాటి వెనక మందు వాయువు తోసుకొస్తుంటే దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. తుపాకి అప్పటికప్పుడు పగలకపోవచ్చు. భుజానికి దెబ్బ పెరుగుతుంది, కీలు వదులవుతుంది, గొట్టం ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ భారం పడుతుంది.

పాత బ్రిటిష్ 12 బోర్ తుపాకుల్లో చాలా వాటికి ఛాంబర్ రెండున్నర అంగుళాలు. షాపు భాషలో 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి రెండూ ముప్పావు అంగుళాల 70వి. మూడంగుళాల 76వి కూడా ఉన్నాయి. మూడూ 12 బోరే. కాబట్టి షాపులో చెప్పింది సగం మాట.

మీరు చేయవలసింది ఇది. తుపాకిని కీలు దగ్గర వంచి తెరిచి, రెండు ఛాంబర్లూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలు పెట్టి చూడండి. తూటాలు వేరే గదిలో, తాళం వేసి ఉంచండి. ఇంట్లో మళ్లీ నిజమైన తూటా పెట్టి సరిచూడవద్దు. ముందు చెక్క, అంటే గొట్టాల కింద ఎడమ చెయ్యి పట్టే చెక్క, ఊడదీసి గొట్టాలు విడిగా తీయండి. ఛాంబర్ల కింద బల్లపరుపుగా ఉన్న చోట చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. పాత నూనె మరక తుడిచి, పక్క నుంచి టార్చి వేసి, కనిపించిన ప్రతి అక్షరం, ప్రతి అంకె రాయండి. అర్థం కాకపోయినా సరే.

కొల్లేటి గట్టు:
రోడ్డా పేరు చూడగానే ఉత్సాహం వచ్చింది. 1914 ఆగస్టులో కలకత్తాలో బెంగాల్ విప్లవకారులు పట్టుకుపోయిన మౌజర్ పిస్తోళ్లు ఈ రోడ్డా కంపెనీ సరుకే. మీ తుపాకికి చరిత్ర ఉంది.

అయితే ఆర్మరర్ గారితో నాకు కొంచెం తేడా ఉంది. 1972లో వన్యప్రాణి చట్టం రాకముందు కొల్లేటిలో బాతుల వేట చూసిన వాళ్లం. మా పెదనాన్నగారికి ఇలాంటి తుపాకే ఉండేది. దొరికిన తూటా దొరికినట్టు వేసేవారు, మిల్లీమీటర్లు ఎవరు అడిగారు? ఏనాడూ ఏమీ కాలేదు. ఆ కాలపు ఇనుము వేరు. ఇంత భయపెడితే పాత తుపాకులన్నీ పాతసామాను బండికి వేయాల్సి వస్తుంది.

పాత ఆర్మరర్:
గట్టు గారూ, మీ పెదనాన్నగారి రోజుల్లో మన దగ్గర అమ్మిన తూటాల్లో ఎక్కువ భాగం కాగితం గొట్టంతో చేసిన 65వే. అవి ఆ తుపాకులకు సరిపోయేవి. ఆయన దొరికినవి వేశారు, దొరికినవే సరైనవి. ఈరోజు దొరికేవి అలా కాదు.

ఆ కాలపు ఇనుము మంచిదే. కానీ తూటా పేలిన ప్రతిసారీ, తుప్పు పట్టిన ప్రతి వానాకాలం, ఎవరో ఒకరు తుప్పు పోవాలని లోపల రుద్దిన ప్రతిసారీ ఆ ఇనుము కొంచెం కొంచెం పోతుంది. కొత్తగా ఉన్నప్పుడు పరీక్షలో నెగ్గిన గొట్టం ఇప్పుడు మిగిలి ఉందా అన్నదే నా ప్రశ్న. పాత తుపాకులంటే నాకూ ప్రేమే. అందుకే కొలవమంటున్నాను.

లంకతోట:
మీరు చెప్పినట్టే ఊడదీశాను. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే నల్లటి పెచ్చు లేచి ముద్రలు బయటపడ్డాయి. రెండు గొట్టాలకూ ఒకేలా ఉన్నాయి. కిరీటం కింద బీపీ, కిరీటం కింద బీవీ, కిరీటం కింద ఎన్‌పీ. "నైట్రో ప్రూఫ్" అని పూర్తి అక్షరాల్లో, పక్కన "1 1/8" అని ఉంది. వజ్రం ఆకారపు గడిలో 12, దాని కింద సీ అక్షరం. ఇంకా ఒక చోట 13, దాని కింద 1. ఛాంబర్ పొడవు మాత్రం ఎక్కడా రాసి లేదు.

స్టీలు స్కేలు ఛాంబర్లోకి జారవిడిచి, టార్చి వేసి చూస్తే ఒక సన్నని అంచు కనిపిస్తోంది. అక్కడికి 64, 65 మధ్య వస్తోంది.

పాత ఆర్మరర్:
చాలా శ్రద్ధగా రాశారు. విడమరిచి చెబుతాను.

రోడ్డా అమ్మినవారు. ఆ రోజుల్లో కలకత్తా, మద్రాసు దుకాణాలు ఇంగ్లండులో తయారైన తుపాకుల మీద తమ పేరు చెక్కించుకునేవి. కిరీటం కింద బీపీ, బీవీ ఉన్నాయంటే మీ గొట్టాలు బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో పరీక్ష పొందాయి. 1813 నుంచి ఉన్న సంస్థ అది. ఈ అక్షరాలు 1904లో మొదలయ్యాయి. ఎన్‌పీ అంటే పొగరాని నైట్రో మందుతో పరీక్షించారని. ఇది మీకు శుభవార్త. ఎన్‌పీ లేని పాత తుపాకి నల్లటి పొగమందు కాలానిది, దానిలో ఇప్పటి తూటా ఏదీ వేయకూడదు.

1 1/8 అంటే గుళ్ల గరిష్ఠ బరువు, ఔన్సుల్లో. మన లెక్కలో సుమారు 32 గ్రాములు. 36 గ్రాముల తూటాలు మీ తుపాకి పరీక్ష పరిధిలోనే లేవు. వజ్రంలో 12 సీ అంటే మూడంగుళాల కంటే పొట్టి 12 బోర్ ఛాంబర్ అని మాత్రమే. రెండున్నరా, ముప్పావా అని ఆ ముద్ర చెప్పదు. 1925 తర్వాత పొడవు అంకెల్లో వేయడం మొదలైంది. మీదానికి లేదు కాబట్టి 1904కీ 1925కీ మధ్యది అనుకోవచ్చు. మీ స్కేలు కొలత కూడా 65నే చూపిస్తోంది. గేజితో నిర్ధారించుకునేదాకా ఆ 70 తూటాలు ముట్టుకోవద్దు.

13 కింద 1 అన్నది గొట్టం లోపలి వ్యాసం. పరీక్ష రోజున అది 0.719 అంగుళానికి తగ్గకుండా, 0.729కి లోపు ఉండేది. ఈ అంకె మీ చేతికి దొరికిన గొప్ప ఆధారం. ఇప్పుడు కొలిచి దానితో పోల్చితే ఈ వందేళ్లలో లోపల ఎంత ఇనుము పోయిందో తెలిసిపోతుంది. తొమ్మిది అంగుళాల లోతులో కొలవాలి, మూతి దగ్గర కాదు.

గొట్టం గోడ మందం ఇంకా ముఖ్యం. సన్నటి చోట 0.020 అంగుళం, అంటే సుమారు అర మిల్లీమీటరు కూడా లేకపోతే కాల్చే ఆలోచన మానుకోవడమే అందరూ చెప్పే మాట. ముందు చెక్కను పట్టుకునే ఎడమ చెయ్యి సరిగ్గా ఆ భాగాన్నే పట్టుకుని ఉంటుందని మరచిపోవద్దు.

మైక్రోమీటర్:
రాజమహేంద్రవరంలో ఇంజన్ల పని చేసే లేత్ షాపు మాది. సిలిండర్ బోర్లు రోజూ కొలుస్తాం. డయల్ బోర్ గేజి ఉంది. లంకతోట గారు గొట్టాలు తెస్తే పది నిమిషాల్లో కొలిచి పంపిస్తాను, డబ్బులు వద్దు. కావాలంటే ఛాంబర్‌ని 70కి పెంచేసి ఇవ్వవచ్చు కూడా, లోపల తొలిచే రీమర్ దొరికితే పెద్ద పని కాదు.

అమలాపురం వకీలు:
మీ మంచి మనసుకి నమస్కారం. కానీ తుపాకి మరమ్మతు చేయడానికి, పరీక్షించడానికి కూడా విడిగా లైసెన్సు ఉండాలి, అది 5వ సెక్షన్. మీకు ఆ లైసెన్సు లేకపోతే మీరూ చిక్కుల్లో పడతారు, లంకతోట గారూ చిక్కుల్లో పడతారు. లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారు దగ్గరికే వెళ్లాలి. డీలర్లను అడిగితే చెబుతారు.

పాత ఆర్మరర్:
వకీలు గారి మాటే నాదీ. ఛాంబర్ పెంచడం గురించి గట్టిగా చెప్పాలి. అక్కడ ఇనుము తీస్తే గోడ పల్చబడుతుంది. పాత పరీక్ష చెల్లదు, మళ్లీ ప్రూఫ్ చేయించాలి. మళ్లీ ప్రూఫ్ చేయించకుండా పెంచిన ఛాంబర్లు నేను చాలా చూశాను, ముద్రలు ఒకటి చెబుతుంటాయి, లోపల కొలత మరొకటి ఉంటుంది. పాత తుపాకి కొనేవాళ్లకు అంతకంటే ప్రమాదకరమైనది లేదు. తూటాని తుపాకికి తగ్గట్టు ఎంచుకోవాలి గాని, తుపాకిని తూటాకి తగ్గట్టు తొలవకూడదు.

గౌతమీ తీరం:
టైరు మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక సందేహం. మా బాబాయి గారి దగ్గర "3 టన్నులు" అని ముద్ర ఉన్న తుపాకి ఉంది. టన్నుని లెక్క కట్టి బార్‌లోకి మార్చి తూటా పెట్టె మీది అంకెతో పోల్చుకోవచ్చా?

పాత ఆర్మరర్:
పోల్చకూడదు. ఆ టన్నుల ముద్ర 1954 తర్వాతి బ్రిటిష్ తుపాకులది, చదరపు అంగుళానికి ఇన్ని టన్నులని. రెండున్నర అంగుళాల వాటికి సాధారణంగా 3 టన్నులు ఉంటుంది. అప్పట్లో ఒత్తిడిని సీసపు ముక్క ఎంత నలిగిందో చూసి కొలిచేవారు. ఇప్పుడు విద్యుత్ సెన్సారుతో కొలుస్తారు. ఒకే తూటాకి ఆ పాత పద్ధతి తక్కువ అంకె చూపిస్తుంది. కూడిక, గుణకారంతో మారదు. ఆ ముద్ర ఉంటే పక్కనే "2 1/2" అనీ, 0.729 లాంటి దశాంశ అంకె అనీ ఉంటాయి. ఆ దశాంశ అంకె కంటే ఇప్పుడు లోపలి వ్యాసం 0.010 అంగుళం పెరిగి ఉంటే ఆ ప్రూఫ్ ఇక చెల్లనట్టే.

కొల్లేటి గట్టు:
లంకతోట గారూ, మీది లంక గ్రామం అన్నారు. 1986 ఆగస్టు వరదలో ఈ తుపాకి ఎక్కడ ఉంది? మా బంధువుల ఇంట్లో ఒక తుపాకి అటక మీద కూడా నీళ్లలో తడిసింది. పైపైన తుడిచి నూనె రాశారు. తర్వాత దాన్ని ఏం చేశారో తెలియదు గాని, మీరు అడిగి తెలుసుకోండి.

లంకతోట:
అమ్మని అడిగాను. తాతగారి ఇంట్లో ఆ వరదకి మండువా దాటి నీళ్లు వచ్చాయట. అందరూ ఏటిగట్టు మీద ఉన్నారు. తుపాకి గోడకి వేలాడదీసి ఉండేది, మూడు వంతులు మునిగింది. నీళ్లు తీశాక తాతగారు ఎండలో పెట్టి, కొబ్బరినూనె పట్టించారు. అప్పటి నుంచి ప్రతి ధనుర్మాసానికి ముందు కొబ్బరినూనే రాసేవారు. తర్వాత కూడా కాల్చారో లేదో అమ్మకు గుర్తు లేదు.

పాత ఆర్మరర్:
గట్టు గారు అడగవలసిన ప్రశ్న అడిగారు. ఇది కీలకమైన సమాచారం.

జోడు తుపాకిలో రెండు గొట్టాలను, పైనా కిందా పట్టీలను మెత్తటి సోల్డరుతో అతుకుతారు. పట్టీల కింద సన్నని ఖాళీ ఉంటుంది. అతుకు ఎక్కడైనా వదిలితే నీళ్లు అందులోకి వెళ్తాయి, మళ్లీ బయటికి రావు. వరద నీళ్లలో ఒండ్రు కూడా ఉంటుంది. గొట్టం లోపల మీరు అద్దంలా మెరిపించినా, ఆ పట్టీ కింద గొట్టం బయటి గోడ ఏళ్ల తరబడి తుప్పు తింటూ ఉంటుంది. ఏ కన్నూ దాన్ని చూడలేదు.

కొబ్బరినూనె గురించి కూడా మన ప్రాంతం వారికి చెప్పాలి. చలికాలంలో గడ్డకడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ జిగురుగా మారి పెచ్చుకడుతుంది, దాని కింద తేమ నిలిచిపోతుంది. మీరు తుడిచిన నల్ల పెచ్చు అదే. తాళాల్లో, అంటే తుపాకిని పేల్చే యంత్రాంగంలో చేరితే, తూటా అడుగుని పొడిచే సూదులు సరిగా వెనక్కి రావు. తుపాకికి ఖనిజ నూనె, అదీ పల్చగా.

ఇప్పుడు రెండు పనులు చేయండి. గొట్టాలను కిటికీ వైపు పెట్టి, కిటికీ అడ్డకమ్మీ నీడ గొట్టం గోడ మీద ఎలా పడుతుందో మెల్లగా తిప్పుతూ చూడండి. నీడ గీత నిటారుగా సాగాలి. ఎక్కడైనా వంకర పోతే అక్కడ నొక్కు. ఉంగరంలా గుండ్రటి నల్ల నీడ కనిపిస్తే ఉబ్బు. తర్వాత ముందు చెక్క తగిలే కొక్కేనికి దారం కట్టి గొట్టాలను గాలిలో వేలాడదీసి, గోరుతో తట్టండి. ఖంగుమని మోగి కాసేపు నిలవాలి. బొత్తుమని ఆగిపోతే పట్టీ వదులైనట్టు.

లంకతోట:
నీడ గీత కుడి గొట్టంలో తిన్నగానే ఉంది. ఎడమ గొట్టంలో సుమారు జానెడు లోతున చిన్న చిన్న చుక్కల్లాగా మచ్చలు, రుద్దినట్టు గీతలు కూడా ఉన్నాయి. ఉంగరం ఏదీ కనిపించలేదు.

వేలాడదీసి తట్టాను. మోగలేదు. మళ్లీ వేరే చోట తట్టాను, అమ్మ కూడా తట్టి చూసింది. చెక్కని తట్టినట్టు చప్పుడు వచ్చి ఆగిపోతోంది. లైసెన్సు ఉన్న మరమ్మతుదారు ఒకరిని డీలరు ద్వారా కనుక్కున్నాను. వచ్చేవారం వెళ్తున్నాను.

నరసాపురం వాసి:
ఈ చర్చ చదువుతూ మా ఇంటి తుపాకి తీశాను. లైసెన్సు నాన్నగారి పేరున ఉంది. గుర్రాలు బయటికే ఉన్నాయి. గొట్టం మీద సన్నని గీతలు మెలికలు తిరిగి కనిపిస్తున్నాయి, పేనిన కొబ్బరితాడు పురుల్లాగా. మరక అనుకుని తుడిస్తే పోవడం లేదు. కింద కోడిగుడ్డు ఆకారపు గడిలో ఈ, ఎల్, జీ అక్షరాలు. కుడి గొట్టంలోంచి వెలుగే రాలేదు, పుల్లతో పొడిస్తే కందిరీగ మట్టిగూడు రాలింది.

పాత ఆర్మరర్:
ఆ మట్టిగూడు చూడకుండా ఎవరైనా కాల్చి ఉంటే గొట్టం అక్కడే చీలేది. మన ఊళ్లలో గోడకి వేలాడే ప్రతి తుపాకికీ ఇది జరుగుతుంది. 12 బోర్‌లో పొరపాటున 20 బోర్ తూటా వేసినా ఇంతే. అది 12 కంటే సన్నది కాబట్టి ఛాంబర్ దాటి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది, తూటా పడలేదనుకుని వెనక 12 బోర్‌ది వేస్తారు. 20 బోర్ తూటాలను పసుపు రంగులో చేసే ఆనవాయితీ అందుకే. ఒకే ఇంట్లో రెండు రకాలూ ఉంచవద్దు.

మీరు చూసిన మెలికలు డమాస్కస్ గొట్టానివి. ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, నిప్పులో కాల్చి సుత్తితో అతికి చేసేవారు. చూడడానికి ఎంతో అందం. కానీ గొట్టం పొడవునా అతుకులే, ప్రతి అతుకులోనూ కిట్టం ఇరుక్కుని ఉండవచ్చు, లోపల్లోపల తుప్పు నడుస్తుంది. ఈఎల్‌జీ బెల్జియంలోని లీజ్ ప్రూఫ్ ముద్ర. సింహం బొమ్మ, దాని దగ్గర పీవీ అక్షరాలు ఉన్నాయేమో చూడండి. అది పొగరాని మందుకి పరీక్ష జరిగిందన్న గుర్తు.

లంకతోట:
వెళ్లి వచ్చాను. మరమ్మతుదారు వయసు మళ్లిన మనిషి, ఎంతో ఓపికగా అన్నీ నా ఎదురుగానే కొలిచారు. ఛాంబర్ గేజి రెండింటిలోనూ రెండున్నర అంగుళాల దగ్గరే ఆగింది. తుపాకి మూసి, ముందు చెక్క తీసేసి ఊపితే కీలు దగ్గర కొంచెం కదలిక ఉంది. దాన్ని సరిచేయవచ్చన్నారు.

కుడి గొట్టం లోపలి వ్యాసం 0.722 వచ్చింది. ముద్రలో ఉన్న పరిధిలోనే ఉంది. ఎడమది 0.738. పరిధి దాటిపోయింది. వరద తర్వాత తుప్పు పోవాలని ఎవరో గట్టిగా రుద్దించి ఉంటారన్నారు. గోడ మందం కొలిచే పరికరం లోపలికి పెట్టి మెల్లగా తిప్పుతుంటే ముల్లు తగ్గుతూ వచ్చి, ఎడమ గొట్టంలో పట్టీ పక్కన 0.016 దగ్గర నిలబడింది. అక్కడే పట్టీ అంచు సందులో సూది పెడితే ఎర్రటి పొడి, దానితో బాటు ఎండిన ఒండ్రు రాలింది. అన్నేళ్ల కిందటి గోదావరి మట్టి.

కుడి గొట్టం మాత్రం వాడుకోవచ్చా అని అడిగాను.

పాత ఆర్మరర్:
వద్దు. రెండు గొట్టాలూ ఒకే పట్టీని పంచుకుంటున్నాయి, ఆ పట్టీ కింద కుడి గొట్టం బయటి వైపు కూడా అదే తేమ ఉంది. పైగా కంగారులో వెనక ట్రిగ్గర్ నొక్కితే పేలేది ఎడమదే. ఒకటి బాగుంది కదా అని జోడు తుపాకి వాడడం నాకు సమ్మతం కాదు.

లంకతోట:
ఆయన కూడా అదే అన్నారు. పట్టీ విప్పి శుభ్రం చేసి మళ్లీ అతకవచ్చు గాని, పోయిన ఇనుము తిరిగి రాదన్నారు. అమ్మతో మాట్లాడాను. తుపాకిని కాల్చము. పట్టీ విప్పించి లోపలి తుప్పు మాత్రం ఆపించి, తాతగారి గుర్తుగా ఉంచుకుంటాం. తూటాలు డీలరుకి తిరిగి ఇచ్చేశాను, లైసెన్సులో నమోదు కూడా సరిచేయించుకున్నాను. క్లబ్బులో కాల్చుకోవడానికి 70 ఛాంబర్ ఉన్న కొత్తది కొనుక్కోవచ్చా, ఈ లైసెన్సు మీద?

అమలాపురం వకీలు:
2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకుల వరకే ఉండవచ్చు. మీదగ్గర ఒకటే ఉంది కాబట్టి రెండోదానికి అవకాశం ఉంది, కానీ దానికి విడిగా దరఖాస్తు చేసి, అనుమతి వచ్చి, లైసెన్సులో చేర్చాకే కొనాలి. ముందు అడ్వాన్సు ఇచ్చి చిక్కుకోవద్దు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడు అడిగితే రెండూ డిపాజిట్ చేయాలి. ఆ సమయంలో పాతదానికి నూనె రాసి, పొడి గుడ్డలో చుట్టి ఇవ్వండి, రసీదులో దాని స్థితి రాయించుకోండి.

నరసాపురం వాసి:
ఆర్మరర్ గారూ, భూతద్దం పెట్టి చూశాను. సింహం లేదు, పీవీ లేదు. ఈఎల్‌జీ ఒక్కటే ఉంది. గుర్రం సగం ఎత్తి వదిలితే సూది బయటికే పొడుచుకుని ఉండిపోతోంది, వెనక్కి రావడం లేదు.

పాత ఆర్మరర్:
అయితే అది నల్లటి పొగమందు కాలపు తుపాకి. ఇప్పటి తూటా దానిలో వేయవద్దు, 65 మిల్లీమీటర్లదైనా, ఎంత తేలికైనదైనా. సూది వెనక్కి రాని తుపాకి మూసేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. ఇంట్లో పాత తూటాలు ఏమైనా మిగిలి ఉంటే, కాగితం ఉబ్బినవి, ఇత్తడి పచ్చబడినవి, వాటిని కూడా మీరు విప్పకండి. నాన్నగారి లైసెన్సు తీసుకుని వెళ్లి డీలరుకి అప్పగించండి.

నరసాపురం వాసి:
కొన్ని ఉన్నాయి, ఒక రేకు డబ్బాలో. రేపు నాన్నగారితో కలిసి వెళ్లి ఇచ్చేస్తాను.